కలకత్తా పార్క్ స్ట్రీట్ పాత గోరీలు: మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఏం చూడాలి, ఎలా చూడాలి

డిసెంబర్‌లో బెజవాడ నుంచి కలకత్తా వెళ్తున్నాం, మా ఆవిడకి పాత కట్టడాలంటే ఇష్టం, పార్క్ స్ట్రీట్‌లో ఇంగ్లీషువాళ్ళ పాత సమాధుల తోట ఉందట అది చూద్దామంటోంది, మా అత్తగారేమో డబ్బులు పెట్టి అంత దూరం వెళ్ళి ఎవరైనా శ్మశానం చూస్తారా అంటున్నారు, పదేళ్ళ పాప కూడా మాతోనే ఉంటుంది, అసలు వెళ్ళొచ్చా, వెళ్తే అందులో చూడాల్సింది ఏముంది అని అడిగారు కదండీ. తప్పకుండా వెళ్ళండి. విక్టోరియా మెమోరియల్‌కి ఒక గంట తగ్గించుకుని అయినా సరే దీనికి ఒక పూట ఉంచుకోండి. నాది గుంటూరు, సివిల్ ఇంజనీర్‌ని, ఉద్యోగరీత్యా కలకత్తాలో చాలా ఏళ్ళు ఉన్నాను, పాత సున్నం కట్టడాల రిపేర్లు చూడటం నా పని, అందుకని ఈ చోటు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అత్తగారి సంగతి. పెద్దవాళ్ళ పట్టింపుని తీసిపారేయకండి, కానీ ఒక మాట చెప్పి చూడండి, అక్కడ ఎవర్నీ పూడ్చి దగ్గర దగ్గర రెండొందల ఏళ్ళయింది. 1767లో మొదలైంది, 1830ల నాటికే నిండిపోయి ఆగిపోయింది. ఇప్పుడది టికెట్ పెట్టి చూపించే పాత కట్టడాల తోట, పెద్ద పెద్ద చెట్లు, మధ్యలో బాటలు, బయట పార్క్ స్ట్రీట్ హారన్‌ల మోత లోపలికి రాగానే సగానికి సగం తగ్గిపోతుంది. మన గుంటూరులో నవంబర్ 2న సమాధుల పండుగ అంటే క్రిస్టియన్ కుటుంబాలన్నీ పిల్లాజెల్లాతో వెళ్ళి సమాధులకి సున్నం వేసి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించి వస్తారు కదా, మన మధ్యే ఉన్న ఆచారం అది, పిల్లలకి అందులో భయమేం ఉండదు. అయినా ఆవిడ మనసు ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, మీరిద్దరూ పాపా వెళ్ళి రండి, వచ్చాక తలస్నానం చేస్తే ఆవిడకీ తృప్తి. దయ్యాల గురించి యూట్యూబ్‌లో కనిపించేదేదీ పాపకి చూపించకండి, ఆ వీడియోలు చూసి వెళ్ళినవాళ్ళు అక్కడ ఇంకేమీ చూడలేరు, నాకు వాటి మీద నిజంగా కోపం.

ఇంతకీ ఇది ఎందుకు గొప్పదో చెప్తాను. లోపల దాదాపు 1600 సమాధులున్నాయి అంటారు, కానీ లెక్క కాదు సంగతి. 1767 అంటే ఒకసారి ఆలోచించండి, ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో మామూలు జనాన్ని చర్చి ఆవరణలో పూడ్చేవాళ్ళు, కలిగినవాళ్ళకి చర్చి లోపలే గచ్చు కింద చోటు దొరికేది. ఊరి బయట విడిగా స్థలం తీసుకుని బాటలు వేసి, ఎవరి సమాధి వాళ్ళు చిన్న గుడిలాగా మేడలాగా కట్టుకోవడం అనేది అక్కడ ఇంకా అలవాటు లేదు. పారిస్‌లో అందరూ వెళ్ళి చూసే పేర్ లాషేజ్ 1804లో వచ్చింది, లండన్‌లో కెన్సల్ గ్రీన్ 1833లో. (కెన్సల్ గ్రీన్ అంటే మన బ్రౌన్ దొరని పూడ్చిన చోటే, 1884లో పోయాడాయన, లండన్‌లో పిల్లలున్నవాళ్ళు అది కూడా చూసి రావచ్చు.) అంటే యూరప్ వాళ్ళకి తర్వాత అలవాటైన పద్ధతి కలకత్తాలో ముందే వచ్చేసింది. ఎందుకొచ్చింది? ఊళ్ళో ఉన్న పాత జాగా నిండిపోయింది, జనం వానాకాలం వస్తే చాలు పిట్టల్లా రాలిపోతున్నారు, ఊరి చివర బురద నేలల పక్కన కొత్త జాగా తీసుకోక తప్పలేదు. ఇప్పుడు పార్క్ స్ట్రీట్ అనే ఆ రోడ్డు పేరే అప్పట్లో బరియల్ గ్రౌండ్ రోడ్.

ఈ పద్ధతికి కూడా అంతకుముందే మన దేశంలో ఒక దారి పడింది. సూరత్‌లో ఇంగ్లీషు, డచ్చి వ్యాపారులు 1600లలోనే మొగలాయి నవాబుల సమాధులు చూసి, మనకీ గుమ్మటాలు ఉండాలి, లేకపోతే ఇక్కడివాళ్ళ ముందు చిన్నగా కనిపిస్తాం అని పెద్ద పెద్ద సమాధులు కట్టుకున్నారు. అక్కడి ఆక్సెండెన్ అన్నదమ్ముల సమాధి చూస్తే ముస్లిం దర్గానో క్రిస్టియన్ గోరీనో దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. కలకత్తాకి వచ్చేసరికి గుమ్మటాలు తగ్గి గ్రీకు స్తంభాలు, రోమన్ మంటపాలు, పిరమిడ్‌లు ఎక్కువయ్యాయి.

ఇక్కడ మీ ఆవిడ బాగా చూడాల్సిన సంగతి ఒకటుంది, చాలామంది గైడ్‌లు కూడా చెప్పరు. అక్కడ కనిపించే స్తంభాలూ పిరమిడ్‌లూ మేడలూ అన్నీ దాదాపు ఇటుకవి, రాయివి కాదు. బెంగాల్ డెల్టాలో రాయి ఎక్కడుందండీ, మన దివిసీమలో బావి తవ్వితే రాయి తగలనట్టే అక్కడా అంతా ఒండ్రు మట్టే. అందుకని పల్చటి పాతకాలపు ఇటుక, సున్నం, సుర్కీ అంటే ఇటుక పొడి, వీటితో కట్టి పైన సున్నపు గిలాబా చేసి, రోమ్‌లో రాయి చెక్కి ఎలా చేశారో అలా కనిపించేలా గీతలు తీశారు. పేరు రాసిన పలక మాత్రం పాలరాయో నల్లరాయో తెచ్చి అందులో పొదిగారు. అంటే డిజైన్ దొరలది, పుస్తకాల్లో బొమ్మలు చూసి గీయించుకున్నది, చేయి మాత్రం పూర్తిగా ఇక్కడి మేస్త్రీలది. గుండ్రటి స్తంభం ఇటుకతో కట్టి దాని మీద నిలువు గాళ్ళు సున్నంతో తీయడం ఎంత కష్టమో పని తెలిసినవాడికి తెలుస్తుంది, తాపీ ఒక్క చోట వణికినా కింద నుంచి పైదాకా గీత వంకర పోతుంది. ఇన్ని వందల సమాధుల మీద చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి, వాళ్ళ తండ్రుల పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, కట్టిన మేస్త్రీ పేరు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. ఆ సంగతి నాకు ఎప్పుడు వెళ్ళినా బాధగానే ఉంటుంది.

ఎక్కడన్నా గిలాబా ఊడిన చోటు కనిపిస్తే అక్కడ ఆగండి, చెయ్యి పెట్టొద్దు, దగ్గరగా చూడండి చాలు. లోపల ఎర్రటి ఇటుక, దాని మీద సుర్కీ కలిసిన గరుకు పొర, కొంచెం గులాబీ రంగు తిరిగి ఉంటుంది, దాని మీద మెత్తటి తెల్ల పొర, అన్నిటికంటే పైన గుడ్డు పెంకులా నున్నగా మెరిసే పల్చటి పూత. మన పాత మిద్దెల్లో తాతలు గానుగ సున్నం అని చెప్పేవాళ్ళు చూడండి, ఎడ్లతో గానుగ తిప్పి రోజుల తరబడి నూరి, కరక్కాయ నీళ్ళు బెల్లం నీళ్ళు కలిపి వేసే సున్నం, అదే కుటుంబానికి చెందిన పని ఇది. ఇలాంటి సున్నం గోడలో తడి చేరితే మళ్ళీ బయటికి వెళ్ళనిస్తుంది. సిమెంటు వెళ్ళనివ్వదు. అందుకే ఆ తోటలో ఎక్కడైనా బూడిద రంగు సిమెంటు మాసిక కనిపిస్తే దాని అంచు చుట్టూ చూడండి, తెల్లగా ఉప్పు తేలి, ఇటుక పొడిపొడిగా రాలుతూ ఉంటుంది, మాసిక మాత్రం గట్టిగానే ఉంటుంది దాని వెనకాల గోడ పోతుంది. మంచి చేద్దామని చేసిందే చెరుపు అవుతుంది. మన ఊళ్ళలో పాత గుళ్ళకి, దర్గాలకి, చర్చిలకి సిమెంటు కొట్టి ఆయిల్ పెయింట్ వేస్తున్న పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఒక్కసారి సున్నం పని తెలిసినవాళ్ళని అడగండి. రెండో శత్రువు రావి మొక్క. పిట్ట రెట్టలో గింజ వచ్చి ఇటుక సందులో పడుతుంది, వేలెడు మొక్క అని వదిలేస్తే పదేళ్ళలో వేరు గోడని రెండుగా చీలుస్తుంది, అప్పుడు పీకితే గోడే కూలుతుంది. అలా చీలిన సమాధులు మీకు కనపడతాయి.

ఆకారాల గురించి పాపకి చెప్పడానికి కొన్ని. పైకి సన్నగా పోయే నాలుగు పలకల స్తంభం ఈజిప్టు నుంచి రోమ్‌కి, రోమ్ నుంచి యూరప్ అంతటికీ వెళ్ళిన ఆకారం, చనిపోయినా పేరు నిలబడాలని దాని అర్థం. సగంలో విరిగినట్టు ఉన్న స్తంభం చిన్న వయసులో పోయినవాళ్ళకి పెడతారు, అది నిజంగా విరిగిందనుకుని చాలామంది అయ్యో అంటారు కానీ కావాలని అలా కట్టిందే. మూత మీద గుడ్డ కప్పిన కూజా దుఃఖానికి గుర్తు, తలకిందులుగా పట్టుకున్న దివిటీ ఆరిపోయిన ప్రాణం, తన తోక తనే మింగే పాము అంతం లేని కాలం. పాపకి కాగితం పెన్సిల్ ఇచ్చి కనిపించిన ఆకారం కనిపించినట్టు గీయమనండి, ఎవర్నీ విసిగించదు, మీరూ ప్రశాంతంగా చూడొచ్చు.

రాతలు చదవడం మొదలుపెడితే మనసు బరువెక్కుతుంది, ముందే చెప్తున్నా. ఇరవై ఏళ్ళు, పద్దెనిమిదేళ్ళు, రెండు నెలల పసిపాప, పురుడులో పోయిన తల్లి, వరసగా ఇవే. కలకత్తాలో కొత్తగా దిగిన ఇంగ్లీషువాడి ఆయుష్షు రెండు వానాకాలాలు అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. కలరా, మలేరియా, విరేచనాలు, వీటికి అప్పట్లో మందులు అంతంతమాత్రమే, పైగా వైద్యం పేరుతో రక్తం తీసేవాళ్ళు. వానలు వెళ్ళాక బతికి మిగిలినవాళ్ళు ఒకచోట చేరి మనం గట్టెక్కాం అని విందు చేసుకునేవాళ్ళట. రోజ్ ఐల్మర్ అని ఇరవై ఏళ్ళ అమ్మాయి సమాధి ఉంది, 1800లో పోయింది, మెలికలు తిరుగుతూ పైకి పోయే స్తంభం, ఆ తోటలో అలాంటిది చూడగానే గుర్తుపడతారు. ఆమెని ప్రేమించిన ఇంగ్లీషు కవి రాసిన చిన్న పద్యం తర్వాత రోజుల్లో దాని మీద చెక్కించారు. అనాసపండ్లు ఎక్కువ తిని పోయిందని గైడ్‌లు చెప్తారు, కలరా అన్నదే నమ్మదగ్గ మాట.

తోటలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది విలియం జోన్స్ సమాధి. 1783లో సుప్రీం కోర్టు జడ్జిగా వచ్చాడు, 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టాడు, 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి అని చెప్పి ప్రపంచం మొత్తాన్ని ఆలోచింపజేశాడు, 1794లో 47 ఏళ్ళకే పోయాడు. తన సమాధి మీద ఏం రాయాలో తనే రాసి పెట్టుకున్నాడు. మన భాష సంగతి ఆయనకి అందలేదు, తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టలేదు, వేరే కుటుంబం అని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తేల్చాడు, కానీ ఆ ప్రశ్న అడగడం నేర్పింది ఈయనే. చార్లెస్ స్టూవర్ట్ అని ఐర్లండ్ నుంచి వచ్చిన సైన్యాధికారి, రోజూ గంగలో స్నానం చేసేవాడు, విగ్రహాలు సేకరించేవాడు, తోటి దొరలే హిందూ స్టూవర్ట్ అని పిలిచేవాళ్ళు. 1828లో పోయాడు, ఆయన సమాధి చిన్న గుడి ఆకారంలోనే ఉంటుంది, అంత గ్రీకు రోమన్ మధ్య ఆ ఒక్క గుడి గుమ్మం చూస్తే అత్తగారు వచ్చినా అక్కడ ఒక్క నిమిషం నిలబడతారు. డెరోజియో 22 ఏళ్ళకే 1831లో కలరాతో పోయిన మాస్టారు, హిందూ కాలేజీ కుర్రాళ్ళకి ప్రశ్నించడం నేర్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు, బెంగాలీలు ఇప్పటికీ ఆయనకి పూలు పెడతారు. శివపూర్ బొటానికల్ గార్డెన్ పెట్టిన రాబర్ట్ కిడ్ కూడా ఇక్కడే. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ కొడుకు పేరు ఉన్న రాయి చూపిస్తారు, 1863లో పోయాడా అబ్బాయి, రాయి మాత్రం వేరే శ్మశానం నుంచి తర్వాత తెచ్చి పెట్టింది, కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఉండక్కర్లేదు.

నా మాట వింటే వీళ్ళందరికంటే ముందు మీరు వెతుక్కుంటూ వెళ్ళాల్సింది కర్నల్ కాలిన్ మెకంజీ సమాధి. గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్ళకి ఆయనతో ఉన్న సంబంధం ఇంకెవరితోనూ లేదు. స్కాట్లండ్ చివర లూయిస్ అనే దీవిలో 1754లో పుట్టాడు, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు, తర్వాత ఇంజనీర్ అయ్యాడు, సర్వే పని మీద ఊరూరా తిరిగాడు. అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్తగా ఊరు కడుతూ ఇటుకలకీ రాళ్ళకీ దీపాలదిన్నె తవ్విస్తుంటే చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయని విని 1797లో వచ్చి చూశాడు. అది బౌద్ధ స్తూపం అని అప్పటికి ఎవరికీ తెలియదు. దాని గురించి 1807లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళ పత్రికలో అచ్చయింది, అంటే ఆ జోన్స్ పెట్టిన సొసైటీయే. మళ్ళీ 1816లో మనుషుల్ని, చిత్రకారుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి దిన్నె మధ్యలో చెరువు తవ్వేసి ఉంది, రాళ్ళు చాలా చెదిరిపోయాయి. ఉన్నవాటిని ఒక్కో పలకా కొలతలతో సహా గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని పలకలు ఇప్పుడు ఎక్కడా లేవు, సున్నం కోసం బట్టీలో కాల్చేశారు. కలకత్తా సమాధుల మీద సున్నపు పని చూస్తూ నేను మురిసిపోయేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

స్తూపం ఒక్కటే కాదు. మన ఊళ్ళ కైఫియత్తులు ఆయన చలవే. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, కరణాలు ఏం చెప్తున్నారు, ఇవన్నీ రాయించాడు. రాసింది మనవాళ్ళు, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య ఆయనకి కుడి భుజం, 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. బొర్రయ్య లేకపోతే ఈ దేశం నాకు అర్థమయ్యేది కాదు అన్నంతగా మెకంజీ ఆయన్ని తలుచుకున్నాడు. 1815లో మొత్తం ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1817లో కలకత్తా వెళ్ళాడు, తెచ్చుకున్న కాగితాలన్నీ సర్దడం పూర్తి కాకముందే 1821 మే నెలలో హుగ్లీ నది మీద పడవలో పోయాడు. ఆ కాగితాలు కంపెనీ ఆయన భార్య దగ్గర కొంది, తర్వాత అందులో కొంత భాగం మద్రాసు చేరడానికి బ్రౌన్ దొర పూనుకున్నాడు. ఇవాళ మీ అమ్మమ్మగారి ఊరి చరిత్ర ఏ పుస్తకంలోనైనా రెండు పేజీలు కనిపించిందంటే దాని కింద ఈ మనిషి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కలకత్తాకి రోజూ ఎంతోమంది తెలుగువాళ్ళు వెళ్తారు, కాళీఘాట్ వెళ్తారు, దక్షిణేశ్వరం వెళ్తారు, ఈయన దగ్గర ఒక్క పువ్వు పెట్టేవాళ్ళు కనపడరు. మీరు పెట్టండి. గేట్ దగ్గర పేరు చెప్పి అడగండి, చిన్న పుస్తకమో మ్యాపో అమ్ముతుంటే కొనుక్కోండి, లేకుండా వెతికితే ఆ వరసల్లో దారి తప్పుతారు.

రాతలు అరిగిపోయి ఉంటే ఒక చిట్కా. ఫోన్ టార్చ్ ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు, పలక పక్కనుంచి గోడకి ఆనించినట్టు ఏటవాలుగా వేయండి, అక్షరాల గుంటల్లో నీడ పడి చదవొచ్చు. ఇంకొకరి చేత టార్చ్ పట్టించి ఫోటో తీస్తే ఇంకా బాగా వస్తుంది. సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, నూనె రాయడం, నీళ్ళు పోసి బ్రష్‌తో తోమడం, ఇవేవీ చెయ్యొద్దు, అన్నీ రాయిని తినేసేవే. పాత ఇంగ్లీషులో కొన్ని చోట్ల ఎస్ అక్షరం ఎఫ్ లాగా పొడుగ్గా చెక్కుతారు, పాప తప్పు చదివితే అది ఆమె తప్పు కాదని చెప్పండి.

ఇవన్నీ చూసి దొరలంటే అతి భక్తి కూడా వద్దండి. 1765లో బెంగాల్ శిస్తు వసూలు కంపెనీ చేతికి వచ్చింది, రెండేళ్ళకి ఈ తోట తెరుచుకుంది. 1770లో అక్కడ ఘోరమైన కరువొచ్చి లక్షల మంది చచ్చిపోయారు, వాళ్ళెవరికీ సమాధులు లేవు. మన గుంటూరు సర్కారు ప్రాంతం 1788లో అదే కంపెనీ చేతికి పోయింది. అంత ఎత్తు పిరమిడ్‌లు కట్టే డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో పాపకి ఈ వయసులోనే చెప్పొచ్చు, అర్థం చేసుకుంటుంది. పనితనం చూసి మెచ్చుకోవడం, పెత్తనాన్ని పెత్తనం అనడం, రెండూ ఒకేసారి చెయ్యొచ్చు.

ఇక వెళ్ళే సంగతి. గుంటూరు నుంచి ఫలక్‌నుమా ఉంది, హౌరాకే వెళ్తుంది, బెజవాడలోనూ ఎక్కొచ్చు. కోరమాండల్ అయితే ఇప్పుడు షాలిమార్‌లో ఆగుతుంది, అక్కణ్ణుంచి ఊళ్ళోకి ట్యాక్సీ పట్టాలి, పెద్దావిడ ఉన్నారు కాబట్టి హౌరా వరకూ వెళ్ళే బండే నయం. డిసెంబర్ అన్నారు, అదే సరైన కాలం, వానాకాలంలో అయితే నేనే వద్దనేవాణ్ణి, బాటలన్నీ పాచి, దోమలు, పాములు కూడా. శీతాకాలంలోనూ దోమలుంటాయి, ఓడోమాస్ రాసుకుని ఫుల్ ప్యాంట్ బూట్లు వేసుకోండి. మెట్రోలో పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి తూర్పుగా నడిస్తే ఆచార్య జగదీష్ చంద్ర బోస్ రోడ్ దగ్గరపడే చోట వస్తుంది, ఇరవై నిమిషాల పైనే నడక, అత్తగారు వస్తే మాత్రం ట్యాక్సీలో గేట్ దగ్గరే దిగండి. ఉదయం తెరవగానే వెళ్ళండి, ఎండ చెట్ల సందుల్లోంచి ఏటవాలుగా పడుతుంది, చెక్కడం బాగా కనపడుతుంది. రెండు గంటలు సరిపోతుంది, రాతలు చదివేవాళ్ళకి మూడు. టికెట్ కొద్ది రూపాయలే, కెమెరా రూల్స్ మాత్రం మారుతుంటాయి, లోపలికి వెళ్ళే ముందు అడిగేయండి. సమాధుల మీదికి ఎక్కి కూర్చోవడం, రీల్స్ తీయడం చేసేవాళ్ళు కనపడితే నెమ్మదిగా చెప్పండి, వింటారు. తాగే నీళ్ళు మీవే తీసుకెళ్ళండి. రోడ్డు అవతల ఒకప్పుడు దీనికి జతగా ఇంకో శ్మశానం ఉండేది, దాన్ని గత శతాబ్దంలో తీసేశారు, ఇప్పుడక్కడ స్కూలు, ఇతర కట్టడాలు ఉన్నాయి. ఇదీ అలాగే పోయేదే, పట్టించుకున్న కొద్దిమంది వల్ల మిగిలింది.

అదే రోజు మధ్యాహ్నం పార్క్ స్ట్రీట్ మొదట్లో ఏషియాటిక్ సొసైటీ, దాని దగ్గర్లోనే ఇండియన్ మ్యూజియం ఉన్నాయి, మ్యూజియంలో అమరావతి పలకలు కొన్ని ఉన్నాయి, ఉదయం మెకంజీని చూసి మధ్యాహ్నం అవి చూస్తే రెండూ కలిసి అర్థమవుతాయి. ఇంకో పూట కుదిరితే డల్హౌసీ వైపు సెయింట్ జాన్స్ చర్చికి వెళ్ళండి, కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళ స్థావరం మొదలుపెట్టిన జోబ్ చార్నాక్ సమాధి అక్కడుంది, ఎనిమిది పలకల మొగలాయి తరహా మంటపం. లోపలి పలక రాయి మద్రాసు పక్క పల్లవరం నుంచి తెచ్చింది, దాన్ని చూసే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ జాతి రాయికి చార్నొకైట్ అని పేరు పెట్టారు, మన తూర్పు కనుమల కొండల్లోనూ ఆ రాయే దొరుకుతుంది. కవి మైకేల్ మధుసూదన్ దత్తు సమాధి లోయర్ సర్క్యులర్ రోడ్ శ్మశానంలో, పార్క్ స్ట్రీట్ నుంచి దగ్గరే, కానీ అది బెంగాలీ సాహిత్యం తెలిసినవాళ్ళకి.

ఒక్క సలహా, కలకత్తా కంటే ముందు ఏదో ఒక ఆదివారం బందరు వెళ్ళి రండి. బెజవాడ నుంచి డెబ్భై కిలోమీటర్ల లోపే, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. డచ్చివాళ్ళు 1600ల మొదట్లోనే అక్కడ దిగారు, వాళ్ళ సమాధుల తోట ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కలకత్తావి ఇటుక, సున్నం అయితే ఇక్కడివి రాతి పలకలు, వాటి మీద కుటుంబ చిహ్నాలు, శిరస్త్రాణాలు, లతలు, అక్షరాలు అన్నీ గుంట చెక్కకుండా ఉబ్బెత్తుగా పైకి తేలేలా చెక్కారు, అలా చెక్కాలంటే అక్షరం చుట్టూ ఉన్న రాయంతా తీసేయాలి. వాటిలో పాతవి కలకత్తా తోట కంటే వందేళ్ళ పైన ముందువి. అక్కడ పాపకి టార్చ్ పట్టుకోవడం అలవాటు చేయించండి. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి, పాండురంగడి గుడి అక్కడికి దగ్గర్లోనే చిలకలపూడిలో ఉంది, ముందు దర్శనం చేయించి తర్వాత ఈ తోట దగ్గర బండి ఆపితే ఆవిడ ఏమంటారో చూసుకుని కలకత్తా ప్లాన్ వేసుకోండి. టికెట్లు మాత్రం రిజర్వేషన్ తెరవగానే బుక్ చేసేయండి, డిసెంబర్‌లో ఫలక్‌నుమాలో స్లీపర్ కూడా దొరకదు.